1034 పెళ్ళిళ్ళ జాబితా

‘కన్యాశుల్కం’ నాటకం గురించి మనం చాలా రాశాం. మధురవాణి గురించి ఇంకా రాస్తూనే ఉన్నాం. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటని మాత్రం స్త్రీల చరిత్రకి ఆధారపత్రంగా చదివింది తక్కువేననిపిస్తుంది. అంతకు పదేళ్ళ కిందట విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. దొరికినవి 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడరు కనక జాబితా సంపూర్ణం కాదని కూడా గురజాడే చెప్పాడు. ముందుమాటలో పిల్లల పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి.

ఈ పేజీ చదివిన అమ్మాయిలు వయసుల దగ్గర ఆగిపోతారు. నేను ‘బ్రాహ్మణ’ అన్న మాట దగ్గర కూడా ఆగుతాను. అదే జిల్లాలో, ఇప్పుడు మా ఉక్కునగరం ఉన్న ఈ నేలమీదే, తక్కిన కులాల ఆడవాళ్ళ పెళ్ళిళ్ళు ఎలా జరిగేవి? వాటికి ‘ఓలి’ అన్న మాట ఉంది. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలలో తెలుగు కులాల వర్ణనల్లో ఈ మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మగపిల్లవాడి వాళ్ళు ఆడపిల్ల వాళ్ళకి ఓలి కట్టి పెళ్ళి చేసుకోవడం. పొసగకపోతే ఓలి తిరిగి ఇచ్చి విడిపోయే దారీ, మారుమనువు చేసుకునే దారీ చాలా కులాల్లో ఉండేవి. శుల్కం తీసుకుని ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్లకి అలాంటి దారి లేదు, బుచ్చమ్మకి లేనట్టే. రెంటినీ ‘పిల్లనమ్ముకోవడం’ అనే ఒక్క మాటకింద కలిపేయడం అగ్రకులపు చూపు అంటాను. అలాగని ఓలిని స్వేచ్ఛగా కీర్తించలేం. ఆ డబ్బు చేరింది తండ్రి చేతికే, విడాకుల తగువు తీర్చింది కులపెద్దలే. కానీ పొలంలో, ఇంట్లో ఆడదాని చాకిరీకి ఒక విలువ ఉందని ఆ ఆచారం ఒప్పుకుంది.

మనువు శుల్కంతో చేసే పెళ్ళిని ఆసురం అన్నాడు. అలంకరించిన కన్యని పిలిచి దానమిచ్చే బ్రాహ్మాన్ని ఉత్తమమన్నాడు. నాలుగు డబ్బులు చేతికొచ్చిన ప్రతి కులమూ ఓలి మానేసి కన్యాదానం వైపు జరిగింది. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నది ఇదే. దానంతోపాటు దక్షిణ, దక్షిణ పేరున కట్నం. దానికి ఇంగ్లీషు చదువూ, నెలజీతమూ తోడయ్యాయి.

మా ఊళ్ళో ఆ నెలజీతానికి స్టీల్ ప్లాంటు అని పేరు. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. నా చిన్నప్పుడు క్వార్టర్లలో ఏ సంబంధం మాట వచ్చినా మొదటి ప్రశ్న “పెర్మనెంటా, కాంట్రాక్టా?” అనే. ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్ళ ముసలమ్మ ఒకామె నాతో అంది: “మమ్మల్ని ఓలిచ్చి తెచ్చుకున్నారమ్మా. ఇప్పుడు పిల్లనీ ఇచ్చి, డబ్బూ ఇచ్చి పంపుతన్నాం.” రెండు తరాల్లో లెక్క తిరగబడింది.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఇటలీలో ఫ్లోరెన్సు నగర ప్రభుత్వం 1425లో కట్నాల నిధి ఒకటి పెట్టింది. కూతురు చిన్నప్పుడే తండ్రి డబ్బు వేస్తే పెళ్ళినాటికి అది పెరిగి అల్లుడికి చేరేది. కూతురి పేర చీటీలు వేసే మన నాన్నలకి అర్థమయ్యే ఏర్పాటే. ఇటలీ 1975 కుటుంబ చట్టంతో కట్నాన్ని నిషేధించింది. మన చట్టం 1961లోనే వచ్చింది.

ఆ చట్టం కింద 1985లో చేసిన నియమాల గురించి ఎక్కువమందికి తెలియదు. పెళ్ళిలో తనకిచ్చిన కానుకల జాబితా వధువు రాసి ఉంచుకోవాలి. ఏ వస్తువు, ఎంత విలువ, ఎవరిచ్చారు అన్నది అందులో ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. నేనడిగిన ఇళ్ళల్లో అలాంటి జాబితా ఒక్కటీ కనబడలేదు. సారె చీటీలు మాత్రం చాలా చూశాను. ఎన్ని కావిళ్ళు, అరిసెలెన్ని, సున్నుండలెన్ని, చలిమిడి ఏ బిందెలో, ఏ వీధిలో ఎవరికి ఎన్ని పంచాలి అని పెన్సిలుతో, మేనత్తల దస్తూరీలో. వాటిని ఆడవాళ్ళు ట్రంకు పెట్టెల్లో పట్టుచీరల మడతల్లో దాచుకున్నారు. ఒక చీటీ వెనక మాత్రం వేరే దస్తూరీలో మూడు అంకెలు: నగదు, బంగారం, స్కూటరు. దానికి ‘కట్నం’ అన్న శీర్షిక లేదు, సంతకం లేదు.