శత్రువు చెప్పిన సాక్ష్యం: ఆలస్యంగా వచ్చిన శౌర్య పతకాలపై పశ్చిమ కర్నూలు నుంచి ఒక పరిశీలన

జిల్లా చరిత్ర రాసేవారు సైనికుల అధ్యాయానికి వచ్చేసరికి పతకాల జాబితా ముందు పెట్టుకుంటారు. అందులో ఊరి పేరు కనిపిస్తే నాలుగు పేజీలు, కనిపించకపోతే నాలుగు మాటలు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి ఆ నాలుగు మాటలే దక్కుతూ వచ్చాయి. ఒకటి పత్తి జిన్నింగు మిల్లుల ఊరు, మరొకటి మాచాని సోమప్ప గారి సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న మగ్గాల ఊరు; వ్యాపారమూ నేతా తప్ప ఇక్కడి జనానికి యుద్ధంతో పెద్ద పొత్తు లేదన్న మాట సదస్సుల్లో తరచు వింటున్నాను. ఈ వాదనను అందరికంటే గట్టిగా వినిపించే పరిశోధక మిత్రుడొకరున్నారు. వాదనతోనే పని గనక ఆయన పేరు చెప్పను. పతకం లేనిచోట శౌర్యానికి రుజువు లేదు, రుజువు లేనిదానికి చరిత్రలో చోటు లేదు, ఇదీ ఆయన సూత్రం. ఆ సూత్రం తప్పని చూపడానికే ఈ వ్యాసం.

ఈ ఆలోచన పుస్తకాల్లో పుట్టలేదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో వీరగల్లుల కోసం, అంటే వీరుల స్మారక శిలల కోసం తిరిగేటప్పుడు, రాయి ఎక్కడుందో చూపడానికి వెంట వచ్చినవాళ్లలో మిలట్రీలో చేసి వచ్చిన పెద్దలూ ఉండేవారు. రాతి మీది వీరుడి గురించి మొదలైన మాట వాళ్ల సొంత రెజిమెంటు దగ్గరికి వెళ్లేది. పతకాల ప్రస్తావన వస్తే అందరిదీ దాదాపు ఒకటే అభిప్రాయం: పని చేసినంతమాత్రాన పతకం రాదు, చేస్తుండగా చూసినవాడు బతికి వెనక్కి రావాలి, వచ్చినవాడు పై అధికారికి చెప్పాలి, ఆ అధికారి కాగితం మీద పెట్టాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ సంగతి అక్కడితో సరి. మా మిత్రుడి జాబితాల్లో ఈ మూడు మెట్ల ప్రస్తావనే కనపడదు.

ఇక వీరగల్లునే చూడండి. కింది అంతస్తులో పోరు, మధ్యలో వీరుణ్ణి పైకి తీసుకెళ్లే అప్సరసలు, పైన శివసాన్నిధ్యం, ఆపైన సూర్యచంద్రులు. చూసిన ప్రతివాడూ చెప్పే వరస ఇది. నా చూపు మాత్రం కింది అంతస్తు దగ్గరే ఆగుతుంది. అక్కడ వీరుడు ఒక్కడే ఉండడు. ఎదుటివాడూ ఉంటాడు, ఆయుధం ఎత్తి, ముఖాముఖిగా. శత్రువు లేకుండా పోరు చెక్కిన శిల్పి నాకు తగల్లేదు. ఎదుటివాడి ఉనికే వీరుడి పనికి సాక్ష్యమన్న ఎరుక ఈ ప్రాంతపు స్మృతి సంప్రదాయంలో మొదటినుంచీ ఉందని నా నిర్ణయం. బొబ్బిలి కోటలో ఏం జరిగిందో ఐరోపా పాఠకుడికి తెలిసింది కూడా కోట లోపలివాళ్లు రాసినదాని వల్ల కాదు, రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడి వల్ల.

సాక్షి లోపించడం అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది యుద్ధ విమానాల పైలట్లను. కాల్బలంలో పక్కన పదిమంది ఉంటారు. ఒంటరి సీటు విమానంలో గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో, శత్రువు నేల మీద, జట్టు నుంచి విడిపోయినవాడిని చూసేదెవరు? 1971లో 20వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి, పెషావర్ మీదికీ అటక్ చమురు శుద్ధి కర్మాగారం మీదికీ హంటర్ విమానాలను నడిపించి మహావీర చక్ర అందుకున్న సెసిల్ పార్కర్ తరవాత సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. ఆయన ధైర్యం నిస్సందేహం. అయితే ఆయన తిరిగి వచ్చారు, జరిగింది తన నోటితో చెప్పగలిగారు. తిరిగి రానివాడి మాటేమిటి?

దానికి జవాబు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య కథలో ఉంది. కొడగు మనిషి, 1932లో పుట్టారు, 1954లో వైమానిక దళంలో చేరారు, కొత్త పైలట్లకు పాఠాలు చెప్పిన శిక్షకుడు. 1965 సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఆదంపూర్ స్థావరం నుంచి 1వ స్క్వాడ్రన్ మిస్టీర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీదికి బయల్దేరాయి. ముందు రోజు పఠాన్‌కోట్ మీద పాకిస్తాన్ చేసిన దాడికి జవాబుగా వేసిన పథకమది. నాయకుడు వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా. పన్నెండు విమానాలు వెళ్లాలి. వాటిలో ఏదైనా ఆగిపోతే ఆ చోటు నింపడానికి అదనంగా పైలట్లను సిద్ధంగా ఉంచారు. దేవయ్య ఆ అదనపు వరసలోని మనిషి. ఒక చోటు ఖాళీ అయింది, దేవయ్య దాడిలో కలిశారు.

దాడి ముగించుకుని మిగిలినవాళ్లు తిరిగి వచ్చారు, దేవయ్య రాలేదు. ఆయన విమానం ఎక్కడ, ఎలా పోయిందో స్క్వాడ్రన్‌లో ఎవరికీ తెలియదు. కాగితాల్లో ఆచూకీ తెలియనివాడయ్యారు, తరవాత మరణించినట్టు నమోదైంది. మా మిత్రుడి సూత్రం ప్రకారం ఆ ఫైలు అక్కడ మూసేయాలి. పద్నాలుగేళ్లు మూసే ఉంది కూడా.

1979లో జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత 1965 వైమానిక యుద్ధం మీద పుస్తకం తెచ్చాడు. పాకిస్తాన్ వైపు రికార్డులూ మనుషులూ ఆధారంగా, చాలావరకు పాకిస్తాన్ దృష్టితోనే రాసిన పుస్తకం. ఆ పుస్తకంలో ఒకచోట, సర్గోధా నుంచి వెనుదిరుగుతున్న ఒక మిస్టీర్‌ను ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజద్ హుస్సేన్ ఎఫ్-104 స్టార్‌ఫైటర్‌లో వెంటాడినట్టు ఉంది. ఆ మిస్టీర్ పారిపోలేదు. ఎదురు తిరిగింది, పోరాడింది, స్టార్‌ఫైటర్‌ను కూల్చింది. అంజద్ పారాచూట్‌తో దిగి బతికాడు, మిస్టీర్ పైలట్ దక్కలేదు. ఎఫ్-104 అంటే ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగిరే విమానం, ఆ రోజుల్లో పాకిస్తాన్ గర్వంగా చూపుకున్న ఆయుధం. మిస్టీర్ మామూలు చదునైన ఎగురుదలలో ధ్వని వేగాన్ని కూడా అందుకోలేదు. తప్పించుకోవడానికి వేగం చాలదని, పోరు పెట్టుకుంటే ఇంటిదాకా ఇంధనం మిగలదని ఆ పైలట్‌కు తెలియకుండా ఉండదు. ఆ క్షణంలో ఆయన మనసులో ఏముందో చెప్పే కాగితం లేదు, కానీ చేసిన పని చెప్పేస్తోంది.

ఆ మిస్టీర్ పైలట్ ఎవరో ఫ్రికర్ చెప్పలేదు. తిరిగి రాని మిస్టీర్ ఎవరిదో తనేజాకు మాత్రం తెలుసు. పుస్తకం చూశాక వైమానిక దళ ప్రధాన కార్యాలయానికి ఆయన విషయం రాశారు, విచారణ జరిగింది. 1988లో దేవయ్యకు మరణానంతర మహావీర చక్ర ప్రకటించారు, భార్య సుందరి గారు అందుకున్నారు. పోరు జరిగి అప్పటికి ఇరవై మూడేళ్లు. ఫ్రికర్ పుస్తకం వచ్చాక కూడా తొమ్మిదేళ్లు పట్టింది. ఈ తొమ్మిదేళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. సాక్ష్యం అచ్చులో ఉంది, అమ్మకంలో ఉంది. అడిగేవాడొకడు పూనుకుంటే తప్ప అది చాలలేదు. తనేజా ఊరుకుని ఉంటే దేవయ్య ఈరోజుకీ ఆచూకీ లేనివాడే. ఆ కథ ఆధారంగా 2025లో హిందీ సినిమా కూడా వచ్చాక ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. 1965 నుంచి 1988 దాకా ఆ ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసినవాళ్లు ఉన్నారన్నది మెచ్చుకునేవాళ్లు మరవకూడదు.

మా మిత్రుడు దీన్ని అపవాదంగా కొట్టిపారేస్తారు. ఒక్క ఉదాహరణతో సూత్రం కూలదంటారు. మరొకటి చూద్దాం. అమెరికా నావికాదళ పైలట్ రాయిస్ విలియమ్స్ 1952 నవంబరు 18న కొరియా తీరానికి దగ్గర ఒరిస్కనీ విమానవాహక నౌక నుంచి పాంథర్ విమానంలో లేచారు. ఎదురైనవి ఏడు సోవియట్ మిగ్-15లు, వేగంలో పాంథర్‌ను మించినవి. ఒంటరిగా అరగంటకు పైగా పోరాడి నాలుగింటిని కూల్చారు. నౌక మీద దిగాక ఆయన విమానానికి 263 రంధ్రాలు లెక్కతేలాయి. అమెరికా, సోవియట్ యూనియన్ నేరుగా తలపడ్డాయని బయటపడితే యుద్ధం పెద్దదవుతుందని పైవాళ్లు భయపడ్డారు, నోరు మెదపవద్దన్నారు. ఆయన భార్యకు కూడా చెప్పకుండా దశాబ్దాలు గడిపారు. ఒక్క విమానాన్ని కూల్చినట్టు చూపి సిల్వర్ స్టార్ ఇచ్చారు. సోవియట్ యూనియన్ కూలాక అటువైపు రికార్డులు బయటికి వచ్చాయి, పోయిన విమానాల లెక్క తేలింది. అప్పుడు ఆయన మిత్రులూ అభిమానులూ విన్నపాల మీద విన్నపాలు పెట్టారు. 2023 జనవరిలో నేవీ క్రాస్ వచ్చేసరికి ఆయనకు తొంభై ఏడేళ్లు. కొడగు మనిషిని నిలబెట్టింది పాకిస్తాన్ వైపు మాట, అమెరికా మనిషిని నిలబెట్టింది సోవియట్ కాగితం. రెండు దేశాల్లోనూ సొంత సైన్యం దగ్గర కావలసినంత లేని సాక్ష్యం ఎదుటివాడి దగ్గర భద్రంగా ఉంది.

తెలుగు పేరు కావాలంటే కార్గిల్‌కు రావాలి. కంభంపాటి నచికేత 1999 మే 27న బటాలిక్ ప్రాంతంలో మిగ్-27తో దాడి చేస్తుండగా ఇంజను ఆగిపోయింది. ఆయన బయటికి దూకారు, పట్టుబడ్డారు. ఆయనను వెతుకుతూ అక్కడే తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా ప్రాణాలు పోగొట్టుకున్నారు, మరణానంతరం వీర చక్ర వచ్చింది. బందీగా ఉన్న రోజుల్లో తొలుత నచికేతను కొట్టారు. పాకిస్తాన్ వైమానికదళ అధికారి కైజర్ తుఫైల్ ఆయనతో మర్యాదగా మాట్లాడాడు, ఆ సంగతి తరవాత బయట కూడా చెప్పాడు. జూన్ 3న నచికేత విడుదలయ్యారు, వాయుసేనా పతకం వచ్చింది. దేశమంతా టీవీ ముందు కూర్చుని ఎదురుచూసిన ఈ పైలట్ విషయంలో కూడా, నేల తాకినప్పటినుంచి ఆయన ఎలా నిలబడ్డారో చెప్పగలిగినవాళ్లు ఆయనా, అటువైపువాళ్లూ మాత్రమే.

శత్రువు కూడా గొప్పలు చెప్పుకుంటాడు, దేవయ్య పోయిన రోజే అదే సర్గోధా మీద ఎం.ఎం. ఆలం ఐదు హంటర్లను కూల్చానన్న మాటను మనవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు. కానీ ఎవడైనా తన గెలుపును పెంచి చెబుతాడు, తన ఓటమిని ఎవడూ పెంచి చెప్పడు. నేను సాక్ష్యమంటున్నది ఓటమి ఒప్పుకోలును.

ఇప్పుడు ఆదోనికి తిరిగి వస్తాను. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉంది, ఎమ్మిగనూరు ఆ తాలూకాలోది. అంటే రెండు ప్రపంచ యుద్ధాలకు ఇక్కడినుంచి వెళ్లిన ప్రతి సిపాయీ కాగితం మీద బళ్లారి మనిషి. బళ్లారి జిల్లా నుంచి విడివడి తాలూకాలు ఇటు వచ్చాయి గానీ, పాత జాబితాల్లో జిల్లా పేరు మారలేదు. కర్నూలు జిల్లా కింద వెతికేవారికి వాళ్లు కనపడరు, బళ్లారి చరిత్ర రాసేవారికి వాళ్లు తమవాళ్లు కారు. మొదటి యుద్ధం తరవాత మద్రాసు రాజధాని ఊళ్లలో బ్రిటిష్‌వాళ్లు నాటించిన శిలాఫలకాలు ఎంతమంది వెళ్లారో, ఎంతమంది పోయారో అంకెలు చెప్పి ఊరుకుంటాయి, పేర్లు చెప్పవు. హైదరాబాదు పేరుతో, 1918లో నిజాం సొమ్ముతో విమానాలు సమకూర్చుకున్న బ్రిటిష్ వైమానిక స్క్వాడ్రన్ ఉండేది; ఆ గుర్తింపు డబ్బిచ్చినవాడికి దక్కింది. జాబితా చూసి ఇక్కడ వీరులు లేరనడం, జిల్లా సరిహద్దు మారిన సంగతిని వీరత్వం లేకపోవడంగా చదవడమే. పశ్చిమ కర్నూలులో దేవయ్యలాంటివారు ఒకరిద్దరు కాదు, చాలామంది ఉండి ఉండాలి, వాళ్ల సాక్షులు సరిహద్దు అవతలో, సముద్రం అవతలో ఉండిపోయారు.

కాబట్టి రెండు విన్నపాలు. మొదటిది రక్షణ శాఖకు: ఎదుటి దేశపు చరిత్రలో మన సైనికుడి పని ఒప్పుకున్న మాట కనిపించిన నాడే ఫైలు తెరవండి, తొంభై ఏళ్ల పెద్దాయనో, భర్తను పోగొట్టుకున్న ఆడమనిషో దరఖాస్తు పట్టుకుని రావాలని చూడకండి. రెండోది ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, కోసిగి ఇళ్లవారికి: తాతల డిశ్చార్జి పుస్తకాలు, యుద్ధంలోంచి రాసిన ఉత్తరాలు, రెజిమెంటు నంబరున్న బిళ్లలు ట్రంకు పెట్టెల్లో ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. వాటిమీద బళ్లారి జిల్లా అని రాసి ఉన్నా మనవే. ఫొటో తీయించి దగ్గరలోని కళాశాల చరిత్ర శాఖకు ఇవ్వండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక నకలు నమోదు చేయించండి.