టాపెట్ చప్పుడు: పాతకార్ల ఇంజనులలో నిదానము, సవరణ

టాపెట్ చప్పుడు: క్యామ్‌షాఫ్టు మొదలు వాల్వు వరకు గల భాగముల నడుమ ఉండవలసిన సందు హెచ్చినపుడు, ఒక లోహభాగము వేరొక లోహభాగమును మోదుటవలన ఇంజను పైభాగమునుండి వెలువడు లఘువైన, ఎడతెగని శబ్దము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల షెడ్లలో దీనిని "టాపెట్లు కొట్టుకుంటున్నయి" అని చెప్పుదురు. సందు హెచ్చినచో చప్పుడు పుట్టును; సందు బొత్తిగా లోపించినచో చప్పుడు అణగి, వాల్వు కాలిపోవును. కావున నిశ్శబ్దముగా నడచు ప్రతి ఇంజనును ఆరోగ్యవంతమని విశ్వసింపరాదు.

వాహనములు, మార్గములు

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడుటకు పూర్వము ఈ మూడు పట్టణములును కరీంనగరు జిల్లాలోనివే. నిజామాబాదునుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురిల మీదుగా సాగు 63వ జాతీయ రహదారిపైనను, వేములవాడ, కొండగట్టు క్షేత్రములకు పోవు దారులలోను అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, జీపులు యాత్రికులను మోసినవి. గల్ఫ్ దేశములకు బయలుదేరు వారిని హైదరాబాదు విమానాశ్రయమునకు చేర్చినవి. హుగ్లీతీరమునందలి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 వరకు నిర్మించిన అంబాసిడరు యొక్క 1489 సీసీ పెట్రోలు ఇంజను ఈ దోషమును బోధించుటకు మిక్కిలి అనువైన ఉదాహరణము.

నిర్మాణము

ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్టు సిలిండర్ బ్లాకులోనే ఒక ప్రక్కగా అమరియుండును. దాని మిట్ట పైకి వచ్చినపుడు టాపెట్ లేచి, పుష్‌రాడ్‌ను నెట్టగా, పుష్‌రాడ్ రాకర్ యొక్క ఒక కొనను ఎత్తును; రాకర్ రెండవ కొన దిగి, స్ప్రింగు బలమును జయించి, వాల్వును తెరచును. ఇంజను వేడెక్కి లోహము వ్యాకోచించినను వాల్వు తన పీటపై సంపూర్ణముగా కూర్చుండుటకై రాకర్‌కును వాల్వు కొనకును నడుమ 0.015 అంగుళము, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు సందు విడువబడును. క్యామ్‌షాఫ్టు క్రాంక్‌షాఫ్టు వేగములో సగముతో తిరుగును గనుక, నిమిషమునకు 800 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు 400 మారులు, అనగా సెకనునకు ఆరేడు మారులు తెరచుకొనును. సందు హెచ్చిన ఒక్క రాకర్ అన్నిమారులును మోదును.

నిదానము

సాంచెల (మరమగ్గముల) మ్రోతలో దినమెల్ల గడపు సిరిసిల్ల నేతకార్మికునికి వేయి చప్పుళ్లలో తన సాంచె తప్పిన లయ వినబడునట్లు, అనుభవజ్ఞుడైన మిస్త్రీకి టాపెట్ చప్పుడు ఇతర శబ్దములనుండి వేరుపడి వినబడును. ఇంజను వేగము పెరిగిన కొలది అది త్వరితమగునే గాని, బండిపై బరువు పెరుగుటవలన అంతగా మారదు. పరీక్షార్థము ఒక సిలిండరుకు మంట అందకుండ చేసినపుడు బేరింగు చప్పుడు తగ్గును. టాపెట్ చప్పుడు తగ్గదు. పొగగొట్టపు ప్యాకింగు చిట్లినపుడు పుట్టు టిక్కుటిక్కు దీనినే పోలియుండును; అయితే అది చల్లని ఇంజనులో హెచ్చుగాను, వేడెక్కినపిదప తక్కువగాను వినవచ్చును.

ఆయిలు మట్టమును మొదట చూడవలెను. 45 డిగ్రీలకు చేరు వేసవిలో పలుచబడిన పాత ఆయిలు రాకర్ షాఫ్టునకు సరిగా అందక, సందు సరిగా ఉన్న భాగములను సైతము మ్రోగించును. తరువాత రాకర్ మూత తీసి, ఇంజనును మెల్లగా నడుపుచు, తిరుగు భాగములకు చేయి తగులకుండ, సందును కొలుచు ఫీలర్ గేజి రేకును ఒక్కొక్క సందులో దూర్చవలెను. ఏ సందులో రేకు దూరినపుడు చప్పుడు ఆగునో ఆ సందే దోషస్థానము.

సవరణ

సవరణను చల్లారిన ఇంజనుపై చేయుట మంచిది. ఎనిమిది వాల్వుల నాలుగు సిలిండర్ల ఇంజనుకు "తొమ్మిది లెక్క" సులభమైన మార్గము: ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరచుకొన్నపుడు మొదటిదానిని, ఆరవది తెరచుకొన్నపుడు మూడవదానిని సరిచేయవలెను; రెండు సంఖ్యల మొత్తము ఎల్లప్పుడును తొమ్మిదియే. పానాతో రాకర్ పైనున్న లాక్‌నట్టును వదలుచేసి, పేచ్‌కస్సుతో మరను త్రిప్పి, రేకు కొంచెము పట్టుతో జారునట్లు నిలిపి, మర కదలకుండ నట్టు బిగించవలెను. బిగించునపుడు కొలత మారుట సామాన్యము గనుక మరల రేకుతో పరీక్షించుట తప్పనిసరి.

ఇట్లు చేసినను చప్పుడు ఆగనిచో రాకర్ కొనను నిశితముగా చూడవలెను. లక్షలాది తాకిడులవలన అచ్చట వాల్వు కొన పరిమాణమున చిన్న గుంట పడును. చదునైన రేకు ఆ గుంటపై వంతెనవలె నిలిచి 0.015 అంగుళమే చూపును. నిజమైన సందు అంతకంటె గుంట లోతంత హెచ్చుగా నుండును. మరను ఎంత త్రిప్పినను ఈ భ్రమ తొలగదు, రాకర్‌ను మార్చవలెను. రాకర్ షాఫ్టు విప్పునపుడు మరియొక జాగ్రత్త కలదు. దానిని పట్టియుంచు నట్లలో నాలుగు సిలిండర్ హెడ్‌ను గూడ బిగించునవి గనుక, ముందుగా రేడియేటరు నీరు తీసివేసి, హెడ్ నట్లనన్నిటిని క్రమముగా వదలు చేయనిచో హెడ్ వంగు ప్రమాదము కలదు. టాపెట్ అడుగుభాగము గుంటలు పడినచో, పుష్‌రాడ్లు తీసిన పిదప బ్లాకు ప్రక్కమూతల గుండ దానిని మార్చవచ్చును. క్యామ్ మిట్ట అరిగియున్నచో క్రొత్త టాపెట్ కూడ శీఘ్రముగా చెడును.

హైడ్రాలిక్ లిఫ్టర్లు

1930 నాటి కాడిలాక్ 16 సిలిండర్ల కారులో ఆయిలు ఒత్తిడితో సందును తానే పూరించుకొను ఏర్పాటు కలదు. పిమ్మట అనేక ఇంజనులలో హైడ్రాలిక్ లిఫ్టర్లు వచ్చినవి. చల్లని ఇంజనులో తొలి కొద్ది సెకనులు ఇవి మ్రోగుట దోషము కాదు. ఎడతెగక మ్రోగినచో ఆయిలు తగ్గుట, మితిమీరి పోయుటవలన నురుగెత్తుట, లోని చిన్న గుండు వాల్వులో మడ్డి చేరుట ముఖ్యకారణములు. ఆయిలును, ఫిల్టరును మార్చినను లొంగనివానిని విప్పి, కిరోసినులో కడిగి, దేని స్థానములో దానినే తిరిగి అమర్చవలెను.

నిశ్శబ్దమందలి అపాయము

వాల్వు తన వేడిని పీటద్వారా హెడ్‌కు వదలును. సందు లోపించినచో వాల్వు పీటపై పూర్తిగా కూర్చుండక, మండుచున్న వాయువు దాని అంచును కాల్చివేయును. 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతట సీసము కలిసిన పెట్రోలు నిలిచిపోయినది. సీసము పాత హెడ్లలోని మెత్తని పీటలకు ఒక కవచమువలె పనిచేసెడిది; అది లేనపుడు దీర్ఘకాలము వేగముగా నడచు బండ్లలో పీట అరిగి, వాల్వు పైకి జరిగి, సందు తనంతట తగ్గిపోవును. కావున సరిచేసిన పాత ఇంజను అన్ని వాల్వులకును సమానమైన కొద్దిపాటి చప్పుడు చేయుచునే యుండును. నిన్నటివరకు మ్రోగిన టాపెట్ నేడు అకారణముగా మౌనము వహించినచో, హైదరాబాదు ప్రయాణమునకు పూర్వమే రాకర్ మూత తీసి సందు చూచుట మేలు.