రామదాసు సినిమాలో కబీరుకేం పని?

మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర ఓ చర్చ నడిచింది. మా టీములో ఒకతను 'హిజ్ డార్క్ మెటీరియల్స్' సీరీస్ మూడు సీజన్లూ వరసబెట్టి చూసేసి వచ్చాడు. "పుస్తకంలో ఉన్న గొడవంతా ఇందులో ఉంది, పాత సినిమాలో మాత్రం అసలు విషయం తీసేసి ఎలుగుబంట్లని చూపించారు" అని ఒకటే బాధ. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫిలిప్ పుల్మన్ అనే ఇంగ్లీషు రచయిత 1995, 1997, 2000 సంవత్సరాల్లో మూడు ఫాంటసీ నవలలు తెచ్చాడు. పైకి పిల్లల పుస్తకాలే. కవచాలు తొడుక్కున్న ఎలుగుబంట్లూ, మంత్రగత్తెలూ ఉంటారు. లోపల మాత్రం మతం పేరు చెప్పి పెత్తనం చేసేవాళ్ళ మీద యుద్ధం. 2007లో న్యూ లైన్ వాళ్ళు సుమారు 180 మిలియన్ డాలర్లు పోసి మొదటి నవలని 'ది గోల్డెన్ కంపాస్' అని తీశారు. చర్చి అన్న మాట ఎక్కడా పైకి రాకుండా, విలన్లంతా ఏదో ప్రభుత్వ శాఖ ఉద్యోగులన్నట్టు లాగించేశారు. అంత జాగ్రత్త పడ్డా అమెరికాలో కాథలిక్ లీగ్ వాళ్ళు చూడొద్దన్నారు, నవల అభిమానులేమో ఇదేం సినిమా అన్నారు. అమెరికాలో వచ్చింది 70 మిలియన్లు. మిగతా రెండు భాగాలూ అటకెక్కాయి. మళ్ళీ 2019లో బీబీసీ, హెచ్‌బీఓ కలిసి మొదలెట్టి 2022కి పూర్తి చేశాయి.

"మనవాళ్ళు ఇలాంటివి ముట్టుకోర్రా బాబూ" అన్నాడు ఇంకొకతను. నిజమే, 2023లో 'ఆదిపురుష్' వాళ్ళు రిలీజయ్యాక డైలాగులు మార్చుకోవాల్సి వచ్చింది కదా. కానీ నాకెందుకో ఆ మాట మింగుడు పడలేదు. మాది ఖమ్మం దాటాక జూలూరుపాడు వైపు, అడివి మొదలయ్యే చోటు. అక్కడ పుట్టినవాడికి ఒక కథ పాలతో పాటు పోస్తారు. మతం ఉంది, రాజకీయం ఉంది, జైలుంది, మాయం అయ్యే విగ్రహాలున్నాయి, దేవుడు మారువేషంలో వచ్చి అప్పు తీర్చడం ఉంది. నవల కాదు గానీ ఫాంటసీకి కావలసిన సరుకంతా ఉంది. దాన్ని మనవాళ్ళు ఒకసారి కాదు, 1933 నుంచీ మళ్ళీ మళ్ళీ తీశారు. భద్రాచల రామదాసు కథ.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మేనమామలు అక్కన్న మాదన్నల పలుకుబడితో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కింద పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడు. భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ పుట్టలో దొరికిన రాముడికి పందిరేసి పూజ చేస్తోంది. గోపన్న అక్కడ గుడి కట్టాడు, వసూలైన శిస్తు సొమ్ము దానికి వాడాడు. తానీషా జైల్లో పెట్టించాడు. చివరికి రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షలు కట్టి, రసీదు కూడా తీసుకుని విడిపించారు. (రసీదు తీసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ భలే నచ్చే విషయం. దేవుడైనా సరే, అకనాలెడ్జ్‌మెంట్ లేకుండా పేమెంట్ చెయ్యలేదు :))

ఇప్పుడు దీన్ని సినిమా తీసేవాడి కుర్చీలో కూచుని చూడండి. రామభక్తుణ్ణి జైల్లో పెట్టి హింసించింది ముస్లిం రాజు. సరే, విలన్ దొరికాడు అనుకుంటే, కథ చివర్లో రాముడు కనిపించేది కూడా ఆ రాజుకే! భక్తుడు జైల్లో ఉంటాడు, దర్శనం సుల్తానుకి. అంచేత తానీషాని పూర్తి దుర్మార్గుణ్ణి చెయ్యడానికి లేదు, పూర్తి మంచివాణ్ణి చేస్తే జైలు సీను నిలబడదు. హాలీవుడ్ వాళ్ళైతే ఇక్కడ కత్తెర తీసుకునేవాళ్ళు. మన కథలు చెప్పేవాళ్ళు కత్తెర తియ్యలేదు, సినిమాకి ముందే ఒక పాత్రని తెచ్చి కలిపారు. ఆ పాత్ర కబీరు.

భద్రాచలానికి కబీరు వస్తాడు. తురకవాడివి, లోపలికి రాకూడదు అని పూజారులు అడ్డుపడతారు. గర్భగుడిలో విగ్రహాలు మాయం అవుతాయి. గోపన్న ఆయన్ని లోపలికి పిలుచుకొస్తే తిరిగి కనిపిస్తాయి. ఆ కబీరే గోపన్నకి తారకమంత్రం ఉపదేశిస్తాడు. చిత్తూరు నాగయ్య గారు 1964లో సొంతంగా తీసిన 'భక్త రామదాసు'లో కబీరు గుమ్మడి, ఆయనకి పాడింది మహమ్మద్ రఫీ. ఏరి కోరి బొంబాయి నుంచి ఆ గొంతు తెచ్చుకోవడం చూస్తే నాగయ్య గారికి ఆ పాత్ర మీద ఎంత గురి ఉందో తెలుస్తుంది. అప్పటికి ఆయనకి అరవై ఏళ్ళు. ఆ సినిమా ఆయన్ని ఆర్థికంగా బాగా దెబ్బతీసింది. గుడి కట్టి గోపన్న, సినిమా కట్టి నాగయ్య, ఇద్దరూ ఒకే రకంగా ఇరుక్కున్నారని మా తాతయ్య అంటుండేవాడు.

2006లో రాఘవేంద్రరావు గారి 'శ్రీరామదాసు' వచ్చింది. నాగార్జున గోపన్న, నాజర్ తానీషా, సుజాత దమ్మక్క. కబీరుగా ఎవరనుకున్నారు? అక్కినేని నాగేశ్వరరావు. అంటే తండ్రి కబీరు, కొడుకు రామదాసు! 1973లో బాపు గారి 'అందాల రాముడు'లో లాంచీ ఎక్కి గోదారి మీద భద్రాచలం బయల్దేరిన మనిషే, ముప్పై మూడేళ్ళ తర్వాత తెల్లగడ్డంతో ఆ ఊరి గుడి ముందు నిలబడ్డాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మమ్మతో కలిసి కొత్తగూడెంలో చూశాను. సుమన్ రాముడిగా తెర మీదకి రాగానే అమ్మమ్మ చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టింది. కబీరు ఎవరే అనడిగితే "సాయిబుల్లో మంచోడు" అంది. అప్పుడు ఆ జవాబు సరిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఈ వ్యాసానికంతటికీ ఆ ఒక్క మాటే మూలం.

ఎందుకంటే కబీరు అక్కడికి రావడం అసాధ్యం. ఆయన పదిహేనో శతాబ్దపు కాశీ మనిషి. 1518లో పోయాడని చాలామంది చెప్పే లెక్క. అది గోల్కొండలో సుల్తాన్ కులీ కుతుబ్ షాహీ రాజ్యం మొదలెట్టిన సంవత్సరం కూడా. తానీషా ఆ వంశంలో చివరివాడు, 1672లో గద్దెనెక్కాడు. అంటే మొదటి రాజు కాలానికే పోయిన మనిషి ఆఖరి రాజు కాలంలో భద్రాచలం వచ్చాడన్నమాట. నూట యాభై ఏళ్ళ తేడా. వైష్ణవ సంప్రదాయం చూస్తే గోపన్న గురువు రఘునాథ భట్టాచార్యులు అని చెబుతారు. ఆయన్ని మాత్రం సినిమాకెళ్ళే జనం ఎరగరు.

భక్తి కథలో తారీఖులు వెతుకుతావేంటి అని మీరు అనొచ్చు. ఒప్పుకుంటా. నా అభ్యంతరం తారీఖుల మీద కాదు. ఆ కథలో ఒక సూఫీ సంబంధం అవసరమైతే అది అక్కడే, చేతికందేంత దూరంలో ఉంది. తానీషా రాజు కాకముందు షా రాజు అనే సూఫీ గురువు దగ్గర శిష్యరికం చేసిన మనిషి. ఆ గురువు దర్గా పాతబస్తీలో ఇప్పటికీ ఉంది. రాజవంశం అంచున ఫకీరులా బతికి, అనుకోకుండా అల్లుడై, ఆనక సుల్తానై, బ్రాహ్మణ మంత్రులకి రాజ్యం అప్పగించి, చివరికి అదే తప్పని ఔరంగజేబు చేత అనిపించుకున్న మనిషి. నాకైతే ఇంతకన్నా మంచి పాత్ర తెలుగు చరిత్రలో దొరకదు. కానీ ఆయన్ని వాడుకోవడంలో ఒక చిక్కుంది. ఆయన దగ్గర అధికారం ఉంది, జైలు తాళాలున్నాయి, శిస్తు ఖజానా ఉంది. కబీరు దగ్గర ఏమీ లేదు, తంబురా తప్ప. మంచి సాయిబు కావాలనుకున్నప్పుడు చేతిలో ఏమీ లేనివాణ్ణి కాశీ నుంచి, అదీ వేరే శతాబ్దం నుంచి తెచ్చుకున్నాం. మా భాషలో చెప్పాలంటే బగ్ అలాగే ఉంచి, పైన ప్యాచ్ వేశాం. ప్యాచ్ అందంగా ఉంది, కాదనను. పూజారులతో ఆ వాదన పెట్టడానికి ఆ కథ కల్పించినవాడికి ఎంత గుండె ధైర్యం ఉండాలి! గుళ్ళోకి ఎవర్ని రానివ్వాలి అనే ప్రశ్నని విగ్రహాల చేతే అడిగించాడు. కానీ ఆ ప్యాచ్ కింద ఏముందో జనం చూడ్డం మానేశారు.

ఇంజినీరింగులో ఉండగా గోల్కొండ వెళ్ళాం. రామదాసు బందీఖానా అని చూపిస్తారు, గోడ మీద చెక్కిన బొమ్మలుంటాయి. గైడు "పన్నెండు సంవత్సరాలు సార్" అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూచుని లెక్కేశాను. తానీషా గద్దె 1672. మాదన్న చేతికి పెత్తనం వచ్చింది 1674 ప్రాంతంలో. మామ పెత్తనం వచ్చాకే మేనల్లుడికి ఉద్యోగం. ఆ తర్వాత శిస్తు వసూలు, గుడి కట్టడం, ఫిర్యాదులు, విచారణ. ఇటు చివర చూస్తే 1686లో అక్కన్న మాదన్నల్ని గోల్కొండ వీధిలో చంపేశారు, 1687లో కోట ఔరంగజేబు వశం. పన్నెండేళ్ళ జైలు ఇందులో పట్టాలంటే గుడి రెండు రోజుల్లో కట్టాలి. పాండవుల అరణ్యవాసం లాగా పన్నెండంటే చాలాకాలం అని అర్థం చేసుకోవాలంతే. దానికన్నా నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. మామ ప్రధానమంత్రి అయ్యుండి మేనల్లుడు జైల్లో ఎందుకున్నాడు? విడిపిస్తే తనవాళ్ళని కాపాడుకున్నాడంటారని మాదన్న భయపడ్డాడా? ఔరంగజేబు కళ్ళు గోల్కొండ మీదున్న కాలం కాబట్టి ఖజానా డబ్బు గుడికిచ్చారన్న మాట బయటికి పోకూడదనా? నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది. ఆ ఇద్దరు అన్నదమ్ముల పెత్తనమే దండయాత్రకి సాకుల్లో ఒకటైంది మరి. రామదాసు సినిమాలు రసీదు దగ్గర శుభం కార్డు వేసేస్తాయి. దాని వెనకాలే ఉన్న వీధి హత్యలూ, దౌలతాబాదు కోటలో బందీగానే 1699లో చనిపోయిన తానీషా కథలోకి రారు. గోపన్నని జైల్లో పెట్టినవాడు చివరికి తనే జైల్లో పోయాడు, ఆయన కోసం ఎవరూ ఆరు లక్షలు పట్టుకు రాలేదు.

ఇంకో ప్రశ్న నాది కాదు. హాస్టల్లో నా రూమ్మేటుది దుమ్ముగూడెం అవతల కోయ పల్లె. ఓ రోజు రాత్రి ల్యాప్‌టాప్‌లో 'శ్రీరామదాసు' పెట్టుకుని చూస్తున్నాం. నేను పాటలు పాడుతున్నా, వాడు పడుకుని వింటున్నాడు. ఉన్నట్టుండి "అన్నీ బానే ఉన్నయి గానీ, ఆ శిస్తు కట్టిందెవర్రా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. "దేవుడు రాజుకి తిరిగి కట్టిండు. మరి మాకో?" అని అటు తిరిగి నిద్రపోయాడు. వాడు కోపంగా అనలేదు, అందుకే గుర్తుండిపోయింది.

రామదాసు జైల్లోంచి రాముణ్ణి నిలదీసే కీర్తన ఒకటుంది. ఏ గోడకి ఎంతయింది, ఎవరి నగకి ఎంతయింది, ఒక్కొక్కటీ చెబుతూ ఎవడబ్బ సొమ్మని దబాయిస్తాడు. ఆడిట్ రిపోర్టులా ఉంటుంది. అందులో ఖర్చు పద్దు మొత్తం దొరుకుతుంది. జమ పద్దు లేదు. పాల్వంచ పరగణా అంటే ఇప్పటికీ సగం అడివి. మూడొందల యాభై ఏళ్ళ కిందట అక్కడ పోడు కొట్టుకునేవాళ్ళూ, మిట్ట భూముల్లో జొన్న వేసుకునేవాళ్ళూ ఎంత కట్టారో ఏ పాటలోనూ లేదు, మూడు తరాల సినిమాల్లో ఏ హీరో నోటా రాలేదు. గుడికి పునాది వేసింది దమ్మక్క పందిరి, గోడలు లేపింది వాళ్ళ శిస్తు. గోపన్న తన కోసం రూపాయి దాచుకోలేదు, ఆ నిజాయితీ మీద నాకే అనుమానమూ లేదు. అయినా రూమ్మేటు ప్రశ్న అలాగే ఉంది.

తమాషా ఏంటంటే, ఏ పనికి గోపన్నని జైల్లో వేశారో అది ఇప్పుడు ప్రభుత్వ లాంఛనం. ఏటా శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళతాయి. ఆ ఆచారం తానీషాయే మొదలెట్టాడని చెబుతారు. కుతుబ్ షాహీలు పోయారు, నిజాములు పోయారు, రాష్ట్రం విడిపోయింది. 2014లో గుడి ఇటు ఉండిపోయి, గుడి భూములున్న పురుషోత్తపట్నం అటు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. ముత్యాలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. ముస్లిం రాజు పేరు మీద నడిచే ఆచారమని కల్యాణం మండపంలో ఎవరూ మొహం చిట్లించగా నేను చూడలేదు. ఇది తెరకెక్కించడానికి కబీరు అక్కర్లేదు.

మళ్ళీ ఎవరైనా ఈ కథ తీస్తే, సీరీస్‌గా తియ్యమనండి, 1672 నుంచి 1699 దాకా. మొదటి సీను పుట్ట దగ్గర కాకుండా పాల్వంచ కచేరీ అరుగు మీద పెట్టమనండి. వరసలో నిలబడ్డ మనుషులు, కొలతలు, చిట్టా రాసే కరణం. మా రూమ్మేటు ఇప్పుడు అటవీ శాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న నవమికి ఫోన్ చేసి ఈ సీను చెబితే, "కరణం వేషం నువ్వెయ్యి, లెక్కలు నీకే ఇష్టం గదా" అన్నాడు. వరసలో తను నిలబడతానని మాత్రం అనలేదు.