వాద్యబృందంలో ఒక వయొలిన్: మెహ్లీ మెహతా వృత్తి జీవితం

సంగీతకారుల జీవితాలు చదివేటప్పుడు మనం వారి ప్రతిభ గురించి అడుగుతాం. ఆ ప్రతిభకు జీతం ఎవరిచ్చారని అడగం. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ రెండో ప్రశ్న కూడా అడగాలి. మెహ్లీ మెహతా (1908–2002) జీవితం అందుకు మంచి ఉదాహరణ.

ముందుగా ఒక తేడా గమనించండి. మన కర్ణాటక కచేరీలో వయొలిన్ విద్వాంసుడు పక్కవాద్యం వాయిస్తాడు, లేదా సోలో కచేరీ చేస్తాడు. పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రాలో అలా కాదు. పది పదిహేను మంది ఒకే భాగాన్ని, కమాను ఒకే దిశలో కదుపుతూ వాయిస్తారు. దీనికి డజన్ల మంది వాద్యకారులు, సామూహిక సాధన, హాలు, క్రమం తప్పని జీతాలు కావాలి. అంటే, ఒక్కరే ఇంట్లో ఎంత సాధన చేసినా ఆర్కెస్ట్రా వృత్తి ఏర్పడదు.

బొంబాయిలోని పార్సీ కుటుంబంలో పుట్టిన మెహతా వయొలిన్‌ను చాలావరకు స్వయంగా నేర్చుకున్నారు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. నగరంలో వాద్యకారులకు కొరత లేదు. గోవా నుంచి వచ్చిన ఎందరో సినిమా స్టూడియోల్లో, హోటళ్లలో వాయించి బతికేవారు. కానీ సింఫనీనే నమ్ముకుని బతకగల పూర్తికాలపు ఉద్యోగాలు అక్కడ లేవు.

నలభైకి దగ్గరపడిన వయసులో, 1945లో, ఆయన న్యూయార్క్ వెళ్లి ఇవాన్ గలామియన్ వద్ద శిష్యుడిగా చేరారు. 1950ల మధ్యలో మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాలో చేరి, జాన్ బార్బిరోలీ నిర్వహణలో వాయించారు. 1858లో మొదలైన ఆ సంస్థకు అప్పటికే దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. బొంబాయిలో తాను నిర్మించాలని చూసిన ఏర్పాటు ఆయనకు అక్కడ సిద్ధంగా దొరికింది.

తరువాత అమెరికా చేరి ఫిలడెల్ఫియాలో కర్టిస్ చతుష్టయంలో వాయించారు. 1964లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించి, మూడు దశాబ్దాలకు పైగా దానిని నడిపారు. వృత్తిలోకి అడుగుపెట్టబోయే యువ వాద్యకారులకు ఆర్కెస్ట్రా క్రమశిక్షణ నేర్పడమే దాని పనిగా ఉండేది. తనకు యవ్వనంలో దొరకని శిక్షణాలయాన్ని ఆయన యాభై ఐదేళ్లు దాటాక ఇతరుల కోసం ఏర్పాటు చేశారని మీరు గ్రహించవచ్చు.

ఇదే కాలంలో మన ప్రాంతాన్ని చూడండి. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా, తరువాత ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన సంగీతానికి స్వదేశంలోనే శ్రోతలు, శిష్యులు, సంస్థ ఉన్నాయి. మెహతా ఎంచుకున్న సంగీతానికి అభిమానులున్నా ఆధారం లేదు. ఇద్దరి దారులు వేరుకావడానికి ప్రతిభలో హెచ్చుతగ్గులు కారణం కాదు.

మన దేశపు తొలి వృత్తిపరమైన సింఫనీ ఆర్కెస్ట్రాగా చెప్పుకునే సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబైలో మొదలైంది. మెహతా తొలి ప్రయత్నానికీ దీనికీ మధ్య 71 ఏళ్లు గడిచాయి. ఒక కళ నిలవాలంటే కళాకారుడితో పాటు సంస్థ కూడా నిలవాలన్నది ఈ వ్యవధి చెప్పే పాఠం.

ఇప్పుడు మీ ఊరి నాదస్వర విద్వాంసుడినో, హరికథకుడినో తీసుకోండి. ఆయనను పోషించింది దేవాలయమా, జమీందారా, ఆకాశవాణా, ప్రేక్షకుల టిక్కెట్టా? ఆ ఆధారం పోయినప్పుడు ఆయన ఏం చేశారు? ఒక పుటలో రాయండి.