ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగానికి రెసిడెన్సీ కావాలా?

హఫీజ్‌పేట్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలు ఈ ప్రశ్న అడుగుతుంటారు. చట్టంలో అలాంటి షరతు లేదు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం కావాల్సింది రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. డి.ఫార్మసీకి 500 గంటల శిక్షణ కోర్సులో భాగమే. 2008లో మొదలైన ఫార్మ్.డిలో ఆరో ఏడాదంతా ఇంటర్న్‌షిప్పే.

అసలు అడ్డంకి అనుభవం. 2024లో తెలంగాణలో 633 గ్రేడ్-2 ఫార్మసిస్టు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20. ప్రైవేటు ఆసుపత్రుల్లో రిజర్వేషన్ లేదు. సిఫార్సు లేని దళిత విద్యార్థికి తొలి అవకాశం ఎవరిస్తారు? అనుభవానికి మార్కులిస్తే, ఆ అనుభవం దొరికే చోటా రిజర్వేషన్, స్టైపెండ్ ఉండాలన్నదే మా డిమాండ్.