చాక్లెట్ సైనికులు

బెర్నార్డ్ షా నాటకం ‘ఆర్మ్స్ అండ్ ద మ్యాన్’ (1894)లో ఒక సైనికుడు తూటాలకి బదులు చాక్లెట్లు దగ్గర పెట్టుకుంటాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆస్ట్రేలియాలో అదొక తిట్టు. విదేశాల్లో పోరాడటానికి చేరిన వాలంటీర్లు పార్ట్‌టైమ్ మిలీషియా వాళ్లని ‘చోకో’లనేవారు, వేడి తగిలితే కరిగిపోతారని. (నాటకంలో ఆ చాక్లెట్ల ఆసామి యుద్ధాల్లో పండిపోయిన కిరాయి సైనికుడు. వెక్కిరించినవాళ్లు నాటకం చూసినట్టు లేదు.) ఇంకో పేరు ‘కోవాలాలు’: కాల్చకూడదు, ఎగుమతి చెయ్యకూడదు.

ఎగుమతి జోకు వెనక చట్టముంది. 1903 నాటి రక్షణ చట్టం ప్రకారం మిలీషియాని దేశం దాటించి యుద్ధానికి పంపకూడదు. 1916లోనూ 1917లోనూ నిర్బంధ సైనిక సేవ గురించి అడిగితే జనం వద్దనే ఓటేశారు. అలా ఒకే దేశానికి రెండు సైన్యాలు తయారయ్యాయి. కానీ పాపువా అప్పుడు ఆస్ట్రేలియా పాలనలో ఉంది కాబట్టి, కాగితం మీద అదీ ‘ఇల్లే’.

ఆ కాగితం పుణ్యమా అని 30వ బ్రిగేడ్ పోర్ట్ మోర్స్‌బీ చేరింది. 49వ బెటాలియన్ ముందే అక్కడుంది. 39, 53వ బెటాలియన్లు 1942 జనవరిలో ఓడ దిగాయి. 53వ దాంట్లో కొందరినైతే చివరి నిమిషంలో అటూ ఇటూ పోగేసి, ఇంటికెళ్లి చెప్పి రావడానికి కూడా సెలవివ్వకుండా ఓడెక్కించారు. అక్కడ వాళ్ల చేత చేయించింది ఎక్కువగా కూలిపని: ఓడల్లో సరుకు దించడం, రోడ్లు వెయ్యడం. శిక్షణ అంతంతమాత్రం, పైగా మలేరియా.

జులైలో జపాన్ సైన్యం ఉత్తర తీరాన దిగింది. కొకోడా దగ్గర ఎదురు నిలిచింది 39వ బెటాలియన్, కొద్దిమంది పాపువా సైనికులు. కమాండర్ ఓవెన్ అక్కడే చనిపోయాడు. ఆగస్టులో కొత్త కమాండర్ రాల్ఫ్ హానర్ వచ్చేసరికి అందరికన్నా చితికిపోయింది బి కంపెనీ. దాన్ని రద్దు చెయ్యమని ఆయనకి సలహా ఇచ్చారు. ఆయన ఇసురావాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు వాళ్లకే అప్పగించాడు. ‘మీ మీద నాకు నమ్మకముంది’ అని ఉపన్యాసమివ్వడం కన్నా ఇది గట్టి మాట. వాళ్లు నిలబడ్డారు. జబ్బుతో వెనక్కి పంపేసినవాళ్లు కూడా, స్నేహితులు ఇరుక్కున్నారని తెలిసి మళ్లీ కొండెక్కారు.

అదే యుద్ధంలో 53వ బెటాలియన్ చెదిరిపోయింది. దాని కమాండర్ ఆగస్టు 27న చనిపోయాడు. పిరికివాళ్లన్న ముద్ర దశాబ్దాలు పోలేదు. 39వ బెటాలియన్ కథని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ పేరా దగ్గర గొంతు తగ్గిస్తారు. నాకు మాత్రం ఇవి రెండు కథల్లా అనిపించవు. తుపాకీ కన్నా ఎక్కువగా పార పట్టించి, ఒకరి పేరు ఒకరికి తెలియని కుర్రాళ్లని అడవిలోకి తోస్తే, కరిగింది చాక్లెట్ కాదు, ఆ ఏర్పాటు.

డిసెంబరులో గోనా పడిపోయింది. అదే నెల 7న సనానందా దగ్గర 49వ బెటాలియన్ కొన్ని గంటల్లోనే సగానికి పైగా నష్టపోయింది. ముందు వరస నుంచి వెనక్కి వచ్చేనాటికి 39వ బెటాలియన్‌లో మిగిలింది ఏడుగురు అధికారులు, 25 మంది సైనికులు.

1943 జులైలో బ్రిగేడ్‌ని రద్దు చేశారు. 39వ బెటాలియన్‌లో మిగిలినవాళ్లని వేరే చోట్లకి సర్దుతూ మళ్లీ రెండు వరసలుగా విడదీశారు: వాలంటీర్లుగా నమోదైనవాళ్లు అటు, మిలీషియా వాళ్లు ఇటు.