అణాకొక దోమ: సికింద్రాబాదులో ఒక జట్టు కథ

మనుషులను స్వభావాలను బట్టి తరగతులుగా విభజించి, ఎవరిని ఎవరితో జతకూరిస్తే పని సాగుతుందో లెక్కకట్టడం నేటి కార్యాలయాలలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. యూంగ్ అనే స్విట్జర్లాండు మనస్తత్వవేత్త 1921లో ప్రకటించిన గ్రంథంలో మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించాడు. నేటి పరీక్షలలో చాలావాటికి బీజం అక్కడ ఉంది.

మా వంటి తెలుగు పండితులకు ఈ ఊహ కొత్తది కాదు. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుని ప్రతాపరుద్రీయం చదివినవారికి నాయకులు నాలుగు విధాలన్న సంగతి కంఠస్థమే. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. తరగతిలో రాముణ్ణి, భీముణ్ణి, ఉదయనుణ్ణి, చారుదత్తుణ్ణి ఉదాహరణలుగా చెప్పి ముగించేవాణ్ణి. అయితే ఒక ధీరోద్ధతుణ్ణీ ఒక ధీరశాంతుణ్ణీ ఒకే పనిలో పెడితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ పాఠంలో లేదు. దానికి సమాధానం మా సికింద్రాబాదు చరిత్రలోనే దొరికింది.

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. సైన్యంలో వైద్యుడైనా మనసు కవిత్వం మీద, గణితం మీద ఉండేది. ఆవేశం, అభిమానం, తొందరపాటు మూడూ మెండు. పాట్రిక్ మాన్సన్ అందుకు పూర్తిగా విరుద్ధం. చైనాలోని అమోయ్‌లో ఏళ్ల తరబడి వైద్యం చేస్తూ, బోదకాలు పురుగు దోమ కడుపులో పెరుగుతుందని 1877లో కనిపెట్టిన ఓర్పుగల మనిషి. 1894లో లండనులో మాన్సన్ సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవిని చూపించేదాకా రాస్‌కు దాని ఉనికి మీదే నమ్మకం లేదు. ఆ జీవిని మోసుకుపోయేది దోమే అయి ఉంటుందని మాన్సన్ ఊహ. ఊహ లండనులో ఉంది, జ్వరం ఇండియాలో ఉంది. రాస్ 1895లో పంతొమ్మిదవ మద్రాసు పదాతిదళం వైద్యుడిగా సికింద్రాబాదుకు వచ్చాడు.

ఆ తరువాత కొన్నేళ్లపాటు ఇద్దరి మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. రాస్ విసుగుతో, నిరాశతో రాసేవాడు. మాన్సన్ ధైర్యం చెప్పి, పట్టు వదలవద్దని జవాబిచ్చేవాడు. ఓడలో ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. ఒకరి కోపం మరొకరిని చేరేనాటికి సగం చల్లారి ఉండేదని నాకు తోస్తుంది. ఎదురుబొదురుగా కూర్చుని పనిచేసి ఉంటే వారి పొత్తు అన్నాళ్లు నిలిచేదా? ఇక మాన్సన్ చెప్పినదంతా నిజమూ కాదు. దోమ నీటిలో చచ్చిపోతే ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన భావన. అది తప్పు. అయినా దోమను వెదకమన్న మాట సరైనదే.

1897 ఆగస్టు. బేగంపేటలో ఉక్కపోత. విసనకర్ర వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని గాలి లేకుండానే కూర్చునేవాడు రాస్. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత, రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలకు రక్తం ఇప్పించాడు. కుట్టిన దోమకు ఒక్కొక్క అణా చొప్పున కూలి. పది దోమలు, పది అణాలు. 20వ తేదీన అటువంటి దోమ కడుపు గోడలో, మలేరియా పరాన్నజీవికి ప్రత్యేకమైన నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెరిగి ఉన్నాయి. లోకమంతా ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకోవడం అందుకే.

ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాస్ వ్యాసాన్ని మాన్సన్ తదితరుల వ్యాఖ్యలతో ప్రచురించింది. ఈలోగా సైన్యం రాస్‌ను రాజపుటానాకు బదిలీ చేసింది. మాన్సన్ లండనులో తన పలుకుబడి ఉపయోగించి 1898లో ఆయనకు కలకత్తాలో పరిశోధనకే ప్రత్యేక నియామకం సాధించిపెట్టాడు. అక్కడ పక్షుల మలేరియాలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథి దాకా చేరుతుందని రాస్ తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

పని ముగిసిన తరువాత స్వభావాలు బయటపడ్డాయి. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమలో నిరూపించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో రాస్ ఏళ్ల తరబడి కలహించాడు. 1912లో మాన్సన్ మరొకరికి ఇచ్చిన సిఫార్సు లేఖ తనను కించపరుస్తున్నదని తలచి, తనకు దారిచూపిన గురువుమీదే పరువునష్టం వ్యవహారం నడిపి క్షమాపణ చెప్పించుకున్నాడు. పని మధ్యలో ఉన్నంతకాలం ఆ ఇద్దరినీ కట్టి ఉంచిన తాడు ఆ పనే. స్వభావాలు కలిసినందువల్ల జట్టు నిలవలేదు. ఒకరికి కావలసినది మరొకరి దగ్గర ఉన్నందువల్ల నిలిచింది. ఏ పరీక్ష పెట్టినా ఈ ఇద్దరినీ జతకూర్చమని చెప్పి ఉండదని నా అభిప్రాయం.

మరొక మాట. నాయకులకు నాలుగు విధాలు చెప్పిన మన లక్షణ గ్రంథాలలో హుసేన్ ఖాన్‌కు చోటెక్కడ? జ్వరంతో పడుకుని, దోమలకు చేయి అప్పగించినవాడు ఏ తరగతి? ఆయన పేరైనా మిగిలింది. గోడమీద తోక పైకెత్తి కూర్చున్న ఆ చిన్నదోమను ముందుగా చూపించినది ఆసుపత్రిలోని సహాయకుడు. అతని పేరు మరచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాస్ 1923 నాటి తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. ఇద్దరు దొరల స్వభావాలను వందేళ్లు చర్చించుకున్నాం. చూడవలసినదాన్ని చూసి వేలు చూపినవాని స్వభావమెటువంటిదో చెప్పగలవారు ఎవరూ లేరు.

పాత బేగంపేట విమానాశ్రయం దగ్గర ఆ భవనం రాస్ పేరుతోనే ఉంది. అటు వెళ్లినప్పుడు ఒకసారి ఆగి చూడండి. పేరులేని ఆ సహాయకుణ్ణి కూడా తలచుకోండి.